ఆయుర్దాయపు లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

ఈ సభలో నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ప్రసంగింతునని మీలో చాలమంది తలచియుందురు. నాకు గురువులు లేరు. ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువును ఒక ప్రక్కను, ఆంధ్ర మహాభారతమును ఒక ప్రక్కను పెట్టుకొని, తడవుకొనుచు చదువుకొన్నవాడను. అట్టివాడు పండితుల యెదుట కావ్యములను గూర్చి పలుకుట సాహసము. నాకు గట్టిగా తెలిసినది ఒక్కటే, లెక్క. ముప్పది యేండ్లుగా ఈ ఊరి అప్పులు, జమలు, ధాన్యపు తూకములు, ఎరువుల బస్తాలు వ్రాయుచున్నాను. కావున ఈ దినమున లెక్కను గూర్చియే చెప్పెదను. అయితే ఇది ధాన్యపు లెక్క కాదు. మనుష్యుల ఆయుర్దాయపు లెక్క.

ఈ యాలోచన నాకు, రజతోత్సవ సంచిక కొఱకు మన మొదటి చందాదారుల పుస్తకమును తిరుగవేయుచుండగా కలిగినది. అవి ఇరువదియైదు సంవత్సరముల క్రిందటి పేర్లు. అందు చాల పేర్లమీద ఎఱ్ఱసిరా గీత పడియున్నది. ఆ గీతలు నేను గీచినవే. ఎవరు ఏ పుస్తకమును ఏ తేదీన కొనిపోయిరి, ఏ తేదీన తిరిగి యిచ్చిరి అనునది అందు పొల్లుపోకుండ కలదు. వారేల మనలను విడిచిపోయిరి, ఇంకను కొన్నాళ్లు నిలుపుకొనుట మనకు సాధ్యమై యుండెనా అనునది మాత్రము లేదు. నలుబదియైదేండ్లకే పోయినవారి పేరును, ఎనుబదియైదేండ్లు బ్రదికి పోయినవారి పేరును ఒకే తీరు గీతతో కొట్టివేసితిని.

లెక్కలు వ్రాయువారందఱికిని మూలపురుషుడు చిత్రగుప్తుడు. ఆయన చిట్టాలో ఏ పద్దును తప్పిపోదందురు. కాని అందొక చిక్కు కలదు. మనము పోయిన తరువాత గాని ఆయన దానిని విప్పడు. చదివి వినిపించునప్పటికి దిద్దుకొనుటకు మనకు వ్యవధి యుండదు. అట్టి చిట్టాను బ్రదికియున్నప్పుడే విప్పి చూచు ఉపాయమేదైన కలదా అని మనుష్యులు ఆలోచించిరి. ఆ ఉపాయమును గూర్చియే నా ప్రసంగము.

ఉపాయము వినుటకు తేలిక, నడపుట కష్టము. ఏ వ్యాధిని గూర్చి తెలియగోరుదురో, ఆ వ్యాధి ఇంకను రాని కొన్నివేలమందిని ఎంచుకొందురు. ఒక్కొక్కరి వయస్సు, బరువు, రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు మున్నగునవి ఆనాడే పుస్తకమున కెక్కింతురు. తరువాత ఏండ్ల తరబడి వారిని విడువక కనిపెట్టియుందురు. ఎవరికి ఏ వ్యాధి వచ్చినది, ఎవరు ఏ కారణమున కాలముచేసిరి అనునది ఎప్పటికప్పుడు వ్రాసికొందురు. కట్టకడపట మొదటి పుటను చివరి పుటతో సరిచూతురు. ఇట్టి జట్టును ఇంగ్లీషువారు కోహార్టు అందురు. పూర్వము రోమనుల సైన్యములో కలసి నడచు ఒక దళమునకు ఆ పేరు ఉండెను. మనము దీనిని జట్టు లెక్క అనుకొందము.

ఇందు ప్రాణమంతయు ముందుగా వ్రాయుటలోనే ఉన్నది. ఒకరు పోయిన పిమ్మట పరామర్శకు పోయి, ఆయన ఏమి తినెడివాడు, ఏమి త్రాగెడివాడు అని అడిగినచో ఇంటివారు నిజమే చెప్పుదురని నమ్మకము లేదు. వారు అబద్ధమాడుదురని నా భావము కాదు. దుఃఖము జ్ఞాపకమును వంచును. జరిగిపోయిన దానికి కారణము వెదకుకొను మనస్సు, లేనిదానిని గూడ ఉన్నట్లు తలచును. పంట పోయిన తరువాత వ్రాసిన విత్తనపు లెక్కను ఎవరు నమ్ముదురు?

ఇంగ్లండులో ఈ చిక్కే వచ్చినది. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను నిరువురు, ఆసుపత్రులలోని ఊపిరితిత్తుల కేన్సరు రోగులను, ఇతర రోగులను ప్రశ్నించి, పొగత్రాగుటకును ఆ వ్యాధికిని గట్టి సంబంధము కలదని ప్రకటించిరి. వెనుకకు తిరిగి అడిగిన లెక్కకు ఆక్షేపణలు రాక తప్పదు. అందుచేత వారు ముందుకు సాగు లెక్కను మొదలుపెట్టిరి. 1951లో ఆ దేశపు వైద్యులకు చిన్న ప్రశ్నపత్రమును పంపిరి. 40,000 మందికి పైగా జవాబు వ్రాసిరి. 1954 నాటికే తొలి ఫలితము వెలువడెను. పొగ యెక్కువైన కొలది ఊపిరితిత్తుల కేన్సరు మరణములును ఎక్కువైనవి. అంతటితో వారు పుస్తకమును మూయలేదు. ఏబది సంవత్సరములు ఆ లెక్క నడచినది. 2004లో ప్రకటించిన ఫలితమును వినుడు. 1900 మొదలు 1930 వఱకు పుట్టిన పురుష వైద్యులలో, సిగరెట్లు మానక త్రాగినవారు ఎన్నడును త్రాగనివారికంటె సగటున 10 సంవత్సరములు ముందుగా మరణించిరి. 60వ యేట మానినవారికి సుమారు 3 సంవత్సరములు, 50వ యేట మానినవారికి 6, 40వ యేట మానినవారికి 9, 30వ యేట మానినవారికి దాదాపు 10 సంవత్సరములును తిరిగి జమపడినవి. డాల్ గారు తామును పొగత్రాగెడివారే. తమ తొలి లెక్కను చూచి తామే మానిరి. 2005లో 92వ యేట కాలముచేసిరి.

ఇట్టిదే గుండెజబ్బు లెక్క అమెరికాలో జరిగినది. 1945 ఏప్రిల్ 12న ఆ దేశాధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో రక్తస్రావమై 63వ యేట మరణించెను. అంతకు ఏడాది ముందు, 1944 మార్చిలో, ఆయన రక్తపుపోటు 186/108. మరణదినమున 300/190. లోకములోని మేటి వైద్యులు చెంతనుండియు ఆయనను కాపాడలేకపోయిరి. వయస్సు మీఱిన కొలది పోటు హెచ్చుట సహజమని ఆ కాలపు వైద్యులలో పలువురు తలచెడివారు. దానిని దించు మంచి మందులును అప్పటికి లేవు. 1948లో ఆ దేశ ప్రభుత్వము, మసాచుసెట్స్ రాష్ట్రములో బోస్టను నగరమునకు చేరువనున్న ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణమున జట్టు లెక్కను ఆరంభించెను. 5,209 మంది స్త్రీపురుషులు అందు చేరిరి. రెండేండ్ల కొకసారి వారిని పరీక్షించి వ్రాసికొనిరి. రక్తపుపోటును, రక్తములో కొలెస్టరాలును హెచ్చుగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు హెచ్చని 1961 నాటికే ఆ పుస్తకము చెప్పినది. 1971లో వారి బిడ్డలను, 2002లో మనుమలను గూడ లెక్కలో చేర్చుకొనిరి. ఈ దినమున పల్లెటూరి వైద్యుడుగూడ ముందుగా చేతికి పట్టీ చుట్టి పోటు చూచుచున్నాడనిన, ఆ పట్టణవాసుల ఓపిక అందు కొంత కలదు.

ఈ లెక్కను ఎట్లు కట్టుదురో మన భాషలో చెప్పెదను. పదిమంది మూడు దినములు పనిచేసినను, ముప్పదిమంది ఒక దినము పనిచేసినను మనకు ముప్పది కూలిదినములే. అట్లే పదేండ్లు కనిపెట్టబడిన మనిషి పది మనిషియేండ్లు ఇచ్చును. నాలుగేండ్లకే వలసపోయి జాడ తెలియనివాడు నాలుగే ఇచ్చును. పొగత్రాగువారి వేయి మనిషియేండ్లలో ఎన్ని మరణములు, త్రాగనివారి వేయి మనిషియేండ్లలో ఎన్ని మరణములు అని భాగింతురు. ఊరకే ఊహకొఱకు, ఒకవైపు 15, వేఱొకవైపు 5 అనుకొనుడు. అప్పుడు ముప్పు మూడు రెట్లు. అయితే ముసలివారిని పడుచువారితో పోల్చరాదు. ఈడును ఈడుతోనే పోల్చవలెను. జాడ తప్పినవారు ఎక్కువైనను లెక్క చెడును. జబ్బుపడినవారే ఊరు విడిచి పోయినచో, మిగిలిన ఊరు ఆరోగ్యముగా ఉన్నట్లు కనబడును. మన ప్రాంతమునుండి విశాఖకు, హైదరాబాదునకు వలసపోవువారిని ఎఱిగిన మనకు ఈ చిక్కు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంకొక జాగ్రత్త. వెండ్రుకలు నెరసినవారిలో మరణములు ఎక్కువ. అట్లని నెరయుటచేత చచ్చిరనరాదు. రంగు వేసికొన్నంతనే ఆయువు పెరుగదు. ముందుగా తెలుపు గుర్తు వేఱు, కారణము వేఱు. ఒకదానినుండి రెండవదానిని విడదీయుటకే వారు ఏండ్లకేండ్లు శ్రమపడిరి. ఒకదేశపు లెక్కను మఱియొక దేశపు లెక్కతో సరిచూచిరి.

ఇక ఈ లెక్కలవలన జరుగబోవునది తెలియునా అని మీరు అడుగుదురు. తెలియును; కాని ఒక హద్దు కలదు. ఒకే ఈడు, ఒకే పోటు, ఒకే అలవాట్లు గల నూఱుమందిని తీసికొన్నచో, రాబోవు పదేండ్లలో వారిలో ఇరువదిమందికి గుండెపోటో పక్షవాతమో రాగలదని పట్టిక చెప్పవచ్చును. ఆ ఇరువదిమంది ఎవరో చెప్పజాలదు. ఎనుబదిమంది క్షేమముగా ఉందురు. ఆ ఎనుబదిలో నొకరిని చూపి, మా తాత తొంబదియేండ్లు చుట్ట కాల్చెను, ఆయనకేమైనది అని మనము వాదింతుము. తాతగారు ఒక పద్దు. ఒక్క పద్దును చూచి చిట్టా మొత్తమును తేల్చు గుమాస్తాను ఎవరును పనిలో ఉంచుకొనరు.

కొలతయు ఊరికి తగినది కావలెను. పూర్వము ఒక సీమ కుంచమునకు మఱియొక సీమ కుంచము సరిపడెడిది కాదు. ఫ్రేమింగ్‌హామ్ కుంచముతో చైనావారిని కొలిచినప్పుడు, వాస్తవముగా ఉన్నదానికంటె ముప్పు ఎక్కువగా కనబడినదని 2004లో తేలినది. ఆ దేశపు వ్యాధుల లెక్కనుబట్టి కుంచమును సరిచేసిన మీదట కొలత కుదిరినది. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లోకమును 21 మండలములుగా విభజించి, వేఱువేఱు పట్టికలను సిద్ధపఱచెను. రక్తపరీక్షకు వీలులేనిచోట, ఈడు, పోటు, పొగ, ఎత్తునకు తగిన బరువు మున్నగువానితోనే చూచుకొను పట్టికయు అందు కలదు.

ఇవి దూరదేశపు మాటలు, మనకేల అనువారు ఉందురు. మన శ్రీకాకుళపు మాటయే చెప్పెదను. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చికి చెందిన దంతవైద్య పరిశోధకులు, 1966 మొదలుకొని కేరళలో ఎర్నాకుళం, గుజరాతులో భావనగరు, మన ఆంధ్రదేశమున శ్రీకాకుళము అను మూడు జిల్లాల పల్లెలలో ఇల్లిల్లు తిరిగిరి. ఒక్కొక్క జిల్లాలో సుమారు పదివేలమంది నోళ్లను చూచి, పొగాకు అలవాట్లను వ్రాసికొని, పదేండ్లు వారిని వెంబడించిరి. క్రొత్తగా వచ్చిన నోటి కేన్సర్లు దాదాపుగా పొగాకును ఏదో యొక రూపమున వాడినవారిలోనే కనబడినవి. పెక్కింటికి ముందుగా నోటిలో మచ్చ యేర్పడియుండెను. మన జిల్లాలో ఆ మచ్చ అంగిలిమీద వచ్చును. కారణము మీకు తెలియును: అడ్డచుట్ట.

మా అమ్మ అడ్డచుట్ట కాల్చెడిది. నిప్పును నోటిలోపలికి పెట్టుకొని, రెండు చేతులతోను పొలము పని చేసెడిది. పొయ్యిలో చుట్ట ముట్టించి తెచ్చి ఆమె చేతికిచ్చుట చిన్ననాట నా పని. దానికి నాకొక బెల్లపుముక్క బహుమతి. ఆమె అంగిలి తెల్లబడినదని, అన్నము వేడిగా తిన్న మండుచున్నదని చెప్పినప్పుడు మేమందఱము వయస్సువలన వచ్చిన పుండు అనుకొంటిమి. అది పుండు కాదని తెలిసి పట్టణమునకు కొనిపోవునప్పటికి ఆలస్యమైనది. ఆమె వ్రాత అంతే అని చుట్టములు ఓదార్చిరి. నేనును అదే నమ్మితిని. నాకు నలుబదేండ్లు దాటిన తరువాత, పైన చెప్పిన లెక్కను గూర్చి చదివితిని. ఏ మచ్చను చూచి మేము ఊరకుంటిమో, ఆ మచ్చ యేమి చెప్పునో నేను పుట్టకముందే మన జిల్లా పల్లెలలో వ్రాసికొనుట మొదలుపెట్టియుండిరి. అది మా యింటి వాకిటివఱకు రాలేదు. తరువాతి కాలమున ఆ పరిశోధకులే వేలమందికి పొగాకు మానుమని బోధించి చూడగా, మానినవారిలోను తగ్గించినవారిలోను అట్టి మచ్చలు తగ్గినవి. కాగా వ్రాత అనుకొన్నది కొంతవఱకు దిద్దుకొనదగిన పద్దే.

గుండెజబ్బు పట్టణవాసులది, కష్టపడువారికి రాదు అనునది మఱియొక భ్రమ. 2003, 2004 సంవత్సరములలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో, సుమారు 1,80,000 జనములో జరిగిన మరణముల కారణములను ఇంటింట విచారించి వ్రాసిరి. గుండె, రక్తనాళముల వ్యాధులే అన్నిటికంటె ముందు నిలిచినవి. మరణములలో దాదాపు మూడవ వంతు వానివే.

ఇక నా తప్పును చెప్పుకొనవలసిన చోటికి వచ్చితిని. క్రిందటి వర్షాకాలమున ఆశా కార్యకర్త మా అరుగుమీదికి వచ్చినది. ముప్పది యేండ్లు దాటినవారినందఱిని అడుగవలసిన కాగితము ఆమె చేతిలో నుండెను. పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, శరీరశ్రమ, ఇంటిలో ఎవరికైన రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు కలవా అను ప్రశ్నలు. "చుట్ట కాలుస్తారా బాబూ?" అని ఆమె అడిగెను. "లేదమ్మా" అంటిని. నా వెనుక గోడమీద నేను పెట్టిన చుట్ట ఇంకను ఆరలేదు. పోటు చూతునన్నను, పనియున్నదని ఆమెను పంపివేసితిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పది యేండ్లలో ఒక్క దొంగపద్దును వ్రాయలేదని చెప్పుకొనువాడను. ఆ ప్రశ్నలు ఎక్కడనుండి వచ్చినవో ఈ ఊరిలో పుస్తకములు చదివి తెలిసికొన్నవాడను. పొగ అను గడి వెనుక ఇంగ్లండు వైద్యుల మరణములున్నవి. పోటు అను గడి వెనుక ఫ్రేమింగ్‌హామ్ వాసులున్నారు. మా అమ్మవంటి శ్రీకాకుళపు తల్లులు వేలమంది ఉన్నారు. వారందఱు తమ జీవితములతో నింపిన చిట్టా, ఒక కాగితమై నా అరుగుమీదికి నడచివచ్చినది. దానిలో నేను అబద్ధమును వ్రాయించితిని. మఱునాడు ఉదయముననే ఆమె యింటికి పోయి, ఆ పద్దును కొట్టివేయించి, నిజమును వ్రాయించి, అలవాటు చొప్పున ప్రక్కను పొట్టి సంతకము చేయబోతిని. ఆమె నవ్వి, "అందరూ అలాగే చెప్తారు బాబూ, మీరొక్కరే తిరిగి వచ్చారు" అనెను. ఆ మాట నన్ను తిట్టుకంటె ఎక్కువగా బాధించినది. ఆనాడే నా పోటు చూచిరి. 164/98. వారు ఆరోగ్యకేంద్రమునకు పంపగా మరల మరల కొలిచి, మందు మొదలుపెట్టిరి. చుట్ట విడిచి పదునొకండు నెలలైనది.

నాకిప్పుడు ఏబదియాఱేండ్లు. డాల్ గారి లెక్కలో ఏబదికిని అఱువదికిని నడుమ నిలిచినవాడను. ఆ లెక్క సిగరెట్లది, వేలమంది సగటు. నా చుట్టకు వ్రాసియిచ్చిన పత్రము కాదు. నాకు దక్కునది ఎంతయో ఎవరును చెప్పజాలరు. అయినను ఊరకుండుటకు అది సాకు కాదు.

పురాణములలో ముందుగా మరణము తెలిసినవారు కొందఱున్నారు. పరీక్షిత్తునకు ఏడుదినముల గడువు. అది శాపము, తప్పలేదు. సత్యవంతునకు ఏడాదియే ఆయువని నారదుడు చెప్పెను. సావిత్రి ఆ మాటను విని దైవము మీద భారమువేసి కూర్చుండలేదు. దినములు లెక్కించుకొనెను, ఆ దినమున భర్తను విడువక అడవికి వెంట నడచెను. వైద్యుల పట్టిక నారదుని వాక్కువలె దినమును చెప్పజాలదు. కాని ముందుగా తెలిసిన మాటను ఎట్లు వాడుకొనవలెనో సావిత్రివద్ద నేర్చుకొందము.

సోదరీ సోదరులారా! ఆ కార్యకర్త మరల మీ యిండ్లకు వచ్చును. అమ్మలారా, అడ్డచుట్ట సంగతి సిగ్గుపడక చెప్పుడు. నోటిలో మచ్చ యుండినచో చూపుడు. అయ్యలారా, పోటు చూచునంతవఱకు పనియున్నదని లేవకుడు. స్వర్ణోత్సవ సంచిక కొఱకు చందాదారుల పుస్తకమును తిరుగవేయువాడు నేనే యగుదునో, మఱియొకడో తెలియదు. ఎవరైనను, వాని యెఱ్ఱసిరా తక్కువగా ఖర్చుకావలెనని నా కోరిక.